రాగిరేకులో ముఖారి, మైకులో రేవతి

అన్నమయ్య జయంతి దగ్గర పడితే రాజంపేట నుంచి అనంతపురం దాకా పిల్లలకు కీర్తనల పోటీలు మొదలవుతాయి. వాటితో పాటే ఒక పాత పేచీ కూడా లేస్తుంది. ఒక పాప ‘నానాటి బతుకు నాటకము’ రేవతి రాగంలో చక్కగా పాడుతుంది. మార్కులు వేసేవాళ్లలో ఒకాయన పుస్తకం తిరగేసి, ఇందులో ముఖారి అని ఉందే అంటాడు. ‘‘ఏం సార్, అందరూ అట్లే పాడతారు గదా’’ అంటుంది తల్లి. ఇద్దరి మాటా నిజమే. అన్నమయ్య పాటలు చెక్కిన రాగిరేకు మీద ఉన్నది ముఖారి, జనం నోట ఉన్నది రేవతి. మధ్యలో ఏం జరిగిందో తెలియాలంటే మన దేశంలో సంగీతశాస్త్రం సంఘాలు కట్టుకుని పని చేయడం మొదలైన కాలానికి వెళ్లాలి.

పాటకూ, పాట గురించిన శాస్త్రానికీ మన సీమలో చుట్టరికం పాతదే. రాజంపేట పక్కన తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య (1408-1503) సంకీర్తనకు లక్షణం చెబుతూ సంస్కృతంలో ఒక గ్రంథం రాశాడు. అది దొరకలేదు. మనవడు చిన తిరుమలాచార్యుడు చేసిన తెలుగు ‘సంకీర్తన లక్షణం’ మాత్రం మిగిలింది. పదం అంటే ఏమిటి, పల్లవి ఎలా ఉండాలి వంటివి ఆ ఇంట్లోనే చర్చకు వచ్చాయన్నమాట. పాటలు 32 వేలని వంశంవారి లెక్క. రాగిరేకుల మీద మనకు దక్కినవి అందులో సగం కూడా లేవు. ప్రతి పాటకూ పైన రాగం పేరు చెక్కారు. తాళం చెప్పలేదు, స్వరాలు రాయలేదు. పేచీకి మూలం అక్కడే ఉంది.

ఆ రేకులు చాలాకాలం తిరుమల గుడిలోనే ఉండిపోయాయి. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన క్యాంప్‌బెల్ దొర తిరుపతి రేకుల్లో ఏదో పాత వ్యాకరణం ఉందని విని వాటిని ఎవరిచేతో చదివించి చూశాడట. దేవుడి మీద స్తోత్రాలు తప్ప మరేమీ లేవని తేలగానే వదిలేశాడు. ఆయనకు కావలసింది వ్యాకరణం, తప్పు పట్టలేం. వాటిని మళ్లీ పట్టించుకున్నది 1920ల్లో, దేవస్థానం శాసన పండితుడు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి.

అప్పటికే దేశంలో ఇంకో గాలి వీస్తోంది. రాగాల మీద పండితులంతా ఒకచోట కూర్చుని ఒక మాట అనుకోవాలన్న పట్టుదల పెరిగింది. తంజావూరులో అబ్రహాం పండితర్ 1912లోనే సంగీత విద్యా మహాజన సంఘం పెట్టాడు. 1916లో బరోడా మహారాజు సయాజీరావు అండతో హిందుస్తానీ సంగీత పండితుడు భాత్‌ఖండే మొదటి అఖిల భారత సంగీత మహాసభ జరిపాడు. స్థాయిలో శ్రుతులు, అంటే స్వరాల మధ్య సన్నని మెట్లు, 22 అనే వాదనను కాదంటూ పండితర్ అక్కడికీ వెళ్లి తన లెక్క వినిపించాడు. దేశమంతటికీ ఒక సంగీత అకాడమీ ఉండాలని ఆ సభ కోరింది గానీ ఆ కోరిక అప్పట్లో నెరవేరలేదు. ప్రభుత్వం సంగీత నాటక అకాడమీ పెట్టేసరికి 1953 వచ్చింది.

దక్షిణాదిన పని తొందరగానే సాగింది. 1927 డిసెంబరులో మద్రాసు కాంగ్రెసు మహాసభతో పాటు సంగీత సభ జరిగింది, దాని ఫలితంగా 1928లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ పుట్టింది. ఇప్పుడు అకాడమీ అంటే డిసెంబరు కచేరీలు, టికెట్ల కోసం క్యూ గుర్తొస్తాయి. మొదటి నుంచీ దానికి ఇంకో ముఖం ఉంది. పొద్దున పూట విద్వాంసులు, పండితులు కలిసి ఒక్కో రాగం లక్షణం తేల్చేవారు. పాడి చూపించి మరీ వాదించుకునేవారు. 1930 నుంచి పత్రిక, ఆపైన పాత శాస్త్రగ్రంథాల ముద్రణ. వేంకటమఖి ‘చతుర్దండీ ప్రకాశిక’ను 1934లో అచ్చువేసింది ఈ అకాడమీయే.

ఇలాంటి పాత గ్రంథాలు అచ్చులోకి రావడం వల్లే మన ముఖారి పేచీ అసలు లోతు బయటపడింది. అన్నమయ్య పోయిన అర్ధశతాబ్దానికి, 1550లో, విజయనగరంలో అళియ రామరాయల ఆదరణలో రామామాత్యుడు ‘స్వరమేళ కళానిధి’ రాశాడు. అందులో మొదటి మేళం, అంటే రాగాలకు తల్లి లాంటి స్వరాల వరస, ముఖారి. స్వరాలన్నీ శుద్ధాలే. ఇవాళ్టి లెక్కలో అది కనకాంగి అనే మేళం అవుతుంది. ఇప్పుడు కచేరీలో పాడే ముఖారి ఖరహరప్రియ అనే వేరే మేళం సంతతి. రెంటికీ పేరొక్కటే కలిసింది. ఇప్పటి ముఖారిలో పాడించి ‘ఇదిగో అన్నమయ్య పాడినట్టే’ అనుకుంటే, రేవతిలో పాడినదానికంటే అది పాతకాలానికి దగ్గరగా ఉందని చెప్పడానికి లేదు. పుస్తకం చూసి మార్కులు కోసే పెద్దమనిషి ఈ ఒక్క సంగతీ తెలుసుకుంటే బాగుండు.

ఈ చిక్కును అందరికంటే బాగా ఎరిగినవాడు అనంతపురం జిల్లా మనిషి. కంబదూరు దగ్గరి రాళ్లపల్లిలో 1893లో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పాడు, అక్కడే బిడారం కృష్ణప్ప దగ్గర సంగీతం నేర్చుకున్నాడు. ప్రాకృత గాథలు తెలుగు చేసినా, వేమన మీద ఉపన్యాసాలిచ్చినా, జాయప సేనాని ‘నృత్తరత్నావళి’ని తెనిగించినా ఆ చెయ్యి ఒక్కటే. 1950లో వేటూరి ప్రభాకరశాస్త్రి మరణించాక తాళ్లపాక సాహిత్యం పని ఈయన చేతికి వచ్చింది. పాఠం పరిష్కరించడం పండితుడి పని, బాణీ కట్టడం గాయకుడి పని. రెండూ తెలిసిన మనిషి దొరకడం మన అదృష్టం. అమరసింధు, కొండమలహరి లాంటి పేర్లు రేకుల్లో ఉన్నాయి, వాటిని పాడే గొంతులు లేవు. తాళం గుర్తు అసలే లేదు కాబట్టి సాహిత్యం నడకను బట్టి ఊహించుకోవాలి. అలా కూర్చుని 108 కీర్తనలకు స్వరాలు కట్టాడు. మ్యూజిక్ అకాడమీ 1974లో ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. కచేరీల మీద పేరు తెచ్చుకున్నవాళ్లకు ఎక్కువగా దక్కే బిరుదు అది.

రేవతి బాణీ దారి వేరు. అది గాయకుడు నేదునూరి కృష్ణమూర్తి కట్టింది. నేదునూరి గురువు శ్రీపాద పినాకపాణి. ఆయన పుట్టింది శ్రీకాకుళం జిల్లాలో, స్థిరపడింది కర్నూలులో. వృత్తికి డాక్టరు, కర్నూలు మెడికల్ కాలేజీలో పని చేసి రిటైరై, 2013లో కన్నుమూసేదాకా ఆ ఊళ్లోనే ఉన్నాడు. దేవస్థానం అచ్చువేసిన ఆయన ‘సంగీత సౌరభం’ సంపుటాలు తెరిస్తే డాక్టరు కళ్లే కనిపిస్తాయి. మామూలు పుస్తకంలో ‘గా’ అని రాసి ఊరుకునే చోట, ఆ గాంధారం పాడేటప్పుడు ఏ స్వరం నుంచి లేస్తుంది, ఎక్కడ ఊగుతుంది, ఎంతసేపు నిలుస్తుంది అన్నది విడగొట్టి రాశాడు. గమకాన్ని, అంటే స్వరం ఊగే ఆ తీరును, కాగితం మీద పెట్టలేమని చెప్పి తప్పించుకునేవాళ్లు చాలామంది. ఈయన పెట్టి చూపించాడు. అన్నమయ్య కాలంలో ఇలా రాసేవాళ్లుంటే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు.

ఇక దేశస్థాయి సంఘం సంగతి. 1970లో, మళ్లీ ఆ బరోడాలోనే, సంగీత పండితుడు ఆర్.సి. మెహతా పూనికతో ఇండియన్ మ్యూజికలాజికల్ సొసైటీ ఏర్పడింది. సొంత పత్రిక నడిపింది, సదస్సులు పెట్టింది, ఒక్కో అంశం మీద వ్యాస సంపుటాలు తెచ్చింది. హిందుస్తానీ, కర్ణాటకం అని గిరి గీసుకోకుండా శ్రుతి, రాగం, బోధన, సౌందర్యం అన్నిటినీ చర్చకు పెట్టడం దాని గొప్ప. పాడేవాడికి శాస్త్రం తెలియదని, శాస్త్రం రాసేవాడికి పాడటం రాదని ఒకరినొకరు తీసిపారేసే కాలంలో ఆ పని చిన్నది కాదు. నాకున్న అసంతృప్తి ఒక్కటే. ఆ పత్రికంతా ఇంగ్లీషు. కడపలో పిల్లలకు పాట నేర్పే టీచరమ్మ దాకా అందులో ఒక్క పేజీ రావడం కష్టం. రాళ్లపల్లి తెలుగులో రాశాడు, పినాకపాణి తెలుగులో రాశాడు. వాళ్ల తర్వాత సంగీతశాస్త్రాన్ని తెలుగులో రాసేవాళ్లు పలచబడ్డారు.

పోటీల విషయానికి మాత్రం మందు సులువు. పిల్లల చేతికిచ్చే కాగితం మీద రెండు వరసలు వేస్తే చాలు: రేకులో రాగం ముఖారి, ఇప్పటి బాణీ రేవతి, కట్టినవారు నేదునూరి. కొన్ని పుస్తకాలు ఇప్పటికే రేకు రాగాన్ని విడిగా చూపిస్తున్నాయి. బాణీ కట్టినవారి పేరే ఎక్కువగా ఎగిరిపోతోంది, దాంతో పాటతో పాటు బాణీ కూడా అన్నమయ్యదేనని పిల్లలు అనుకుంటున్నారు.