ఉక్రెయిన్ ఇంటర్నాట్‌లకు విరాళాలు: వివాదం వెనుక 2021 నాటి సవరణ

యుద్ధంలో దెబ్బతిన్న బాలల వసతి సంస్థలను దాతల సొమ్ముతో బాగుచేయాలా, లేక ఆ సొమ్మును పిల్లల సొంత కుటుంబాలకూ పెంపుడు కుటుంబాలకూ ఇవ్వాలా అన్న వాదన ఉక్రెయిన్‌లో మళ్ళీ రాజుకుంది. అక్కడ ఇంటర్నాట్‌లని పిలిచే ఈ సంస్థలు సోవియట్ కాలపు వారసత్వమని అందరికీ తెలిసిందే. యుద్ధానికి ముందు వాటిలో దాదాపు లక్షమంది పిల్లలుండగా, వారిలో సుమారు సగం మంది వైకల్యం ఉన్నవారు. విరాళాల విజ్ఞప్తులన్నీ వీరిని అనాథలనే పేర్కొంటాయి గానీ, పదిమందిలో తొమ్మిదిమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. పేదరికం వల్లనో, తాగుడు వల్లనో, వైకల్యం ఉన్న బిడ్డకు ఊళ్ళో తగిన బడి లేకనో కన్నవారే దరఖాస్తు రాసిచ్చి చేర్పించిన పిల్లలే ఎక్కువ.

ఈ వివాదాన్ని రష్యా దాడి మొదలైన 2022 ఫిబ్రవరి నుంచి మొదలుపెట్టి చెప్పడం ఆనవాయితీ అయింది. నిజానికి ముడి పడింది అంతకు ఎనిమిది నెలల ముందు.

2017 ఆగస్టులో ఉక్రెయిన్ మంత్రివర్గం 2026 వరకు వర్తించే జాతీయ వ్యూహాన్ని ఆమోదించింది. ఇంటర్నాట్‌లను దశలవారీగా తగ్గించి, కుటుంబాలకు స్థానికంగానే సేవలు అందించి, అది సాధ్యం కాని పిల్లలను పెంపుడు కుటుంబాలలో చేర్చాలన్నది దాని సారాంశం. అయితే సంస్థకు వచ్చే నిధులు పిల్లల సంఖ్యను బట్టి వచ్చేవి, వాటిలో పెద్ద వాటా జీతాలకూ భవన నిర్వహణకూ పోయేది. మంచాలు ఖాళీ అయితే వంటవారికీ ఆయాలకూ ఉపాధి పోతుంది. చిన్న పట్టణంలో అది చిన్న విషయం కాదు. ఆ ఒత్తిడి ఫలించింది. 2021 జూన్‌లో ప్రభుత్వం వ్యూహాన్ని సవరించి, వైకల్యం ఉన్న పిల్లల ప్రత్యేక పాఠశాలలను, వైద్యంతో పాటు చదువు చెప్పే శానటోరియం పాఠశాలలను, విద్యా పునరావాస కేంద్రాలను సంస్కరణ పరిధి నుంచి తప్పించింది. ఇవి విద్యాసంస్థలనీ, వీటిని మూసివేస్తే పిల్లల చదువు హక్కుకే భంగమనీ సమర్థించుకుంది. అంటే, కుటుంబం అవసరం అందరికన్నా ఎక్కువగా ఉన్న వైకల్యం గల పిల్లలే సంస్కరణకు వెలుపల ఉండిపోయారు.

యుద్ధం మొదలయ్యాక జరిగినదంతా ఈ నిర్ణయం నీడలోనే జరిగింది. తొలి వారాలలో వేలాది పిల్లలను, ఇంట్లో పరిస్థితి ఏమిటో చూసే తీరిక లేకుండా, ఇళ్ళకు పంపించేశారు. కొన్ని సంస్థలను యూరప్ దేశాలకు తరలించారు. వైకల్యం ఉన్నవారి హక్కుల కోసం పనిచేసే డిసెబిలిటీ రైట్స్ ఇంటర్నేషనల్ సంస్థ 2022 మే నాటి నివేదిక ప్రకారం, తీవ్ర వైకల్యం ఉన్నవారు మాత్రం పశ్చిమ ఉక్రెయిన్‌లోని సంస్థలకు చేరారు. అక్కడ అప్పటికే సిబ్బంది చాలరు. పిల్లలు రోజంతా తొట్టి మంచాలలోనే పడి ఉండేవారు. అప్పట్లో రష్యా ఆక్రమణలో ఉన్న ఖెర్సోన్ నగరంలోని బాలల గృహం నుంచి రష్యన్ అధికారులు చిన్నారులను క్రిమియాకు తీసుకుపోయిన సంగతి ప్రపంచమంతా చూసింది. పిల్లల బలవంతపు తరలింపుపై అంతర్జాతీయ నేర న్యాయస్థానం 2023 మార్చిలో రష్యా అధ్యక్షుడు పుతిన్‌పైనా, ఆ దేశ బాలల హక్కుల కమిషనర్ మరియా ల్వోవా-బెలోవాపైనా వారెంట్లు జారీచేసింది. పిల్లలందరినీ ఒకేచోట ఉంచడం వల్లనే వారిని మూకుమ్మడిగా తీసుకుపోవడం సులువైందన్న సంస్కరణవాదుల మాటకు ఎదుటి పక్షం నుంచి సరైన జవాబు ఇంతవరకు రాలేదు.

దాతల వైపు చూస్తే, ప్రతి డిసెంబరులో సెయింట్ నికొలస్ పండుగనాడు ఇంటర్నాట్‌లకు మిఠాయి సంచులతో, బొమ్మలతో బృందాలు వస్తాయి. పిల్లలు పద్యాలు అప్పజెపుతారు, ఫోటోలకు నిలబడతారు. బస్సు వెళ్ళిపోయాక మర్నాడు అదే పడక, అదే గంట. ఇటువంటి స్వచ్ఛంద సందర్శనల వల్ల పిల్లలకు కలిగే హాని గురించి ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2019 డిసెంబరులోనే తీర్మానంలో హెచ్చరించింది. 2023లో హ్యూమన్ రైట్స్ వాచ్ మరింత సూటిగా, అనాథాశ్రమాలను పునర్నిర్మించవద్దని కోరింది.

సంస్థల డైరెక్టర్ల వాదనలో పస లేదని అనలేము. 2022 అక్టోబరు నుంచి విద్యుత్ వ్యవస్థపై దాడులు మొదలయ్యాక వారికి జనరేటర్లు కావలసివచ్చాయి. పెంపుడు కుటుంబం దొరికేదాకా పిల్లవాడు చలిలో ఉండలేడు. అయితే అత్యవసరం పేరిట కొత్త పైకప్పు వేసిన భవనాన్ని ఆ తరువాత ఖాళీ చేయించడం ఎంత కష్టమో 2021 చూపించింది.

2024 నవంబరులో ప్రభుత్వం, ప్రతి బిడ్డా కుటుంబ వాతావరణంలో పెరగాలన్న లక్ష్యంతో 2028 వరకు వర్తించే కొత్త వ్యూహాన్ని ఆమోదించింది. యూరోపియన్ యూనియన్‌లో చేరదలచిన దేశంగా ఈ విషయంలో అది బ్రస్సెల్స్‌కు సమాధానం చెప్పుకోక తప్పదు. ప్రైవేటు దాతలను అడిగేవారు మాత్రం లేరు. జనరేటరు కొనిచ్చిన దాత సంస్థ రసీదుతో తృప్తిపడుతుంది. ఆ భవనంలో ఉన్న పిల్లల్లో ఎంతమంది ఇళ్ళకు చేరారన్న లెక్కను విరాళం ఇచ్చేటప్పుడే షరతుగా పెట్టాలన్నది సంస్కరణవాదుల ప్రస్తుత డిమాండు.