మంచి సబ్‌మెరైన్ కమాండర్ తలలో ఏం నడుస్తుంది?

సబ్‌మెరైన్ కమాండర్ అనగానే చాలామందికి గుండె ధైర్యం గుర్తొస్తుంది. ధైర్యం ఉండాలి, కాదనను. కానీ అసలు కష్టం ఇంకోచోట ఉంది: చేతిలో సగం సమాచారమే ఉన్నప్పుడు తల చెదరకుండా లెక్క కట్టడం.

నీళ్ళ కింద వెలుతురు ఎక్కువ దూరం పోదు, రాడార్ పనిచేయదు. మిగిలింది చెవులే. తనే శబ్దం పంపి ప్రతిధ్వని వింటే దూరం తెలుస్తుంది, కానీ ఆ శబ్దమే తన జాడ పట్టిచ్చేస్తుంది, అందుకే మామూలుగా చప్పుడు చేయకుండా వింటూ ఉంటారు. అలా వింటే తెలిసేది దిక్కు మాత్రమే. చీకట్లో లారీ హారన్ ఏ వైపు నుంచి వచ్చిందో తెలుస్తుంది గానీ ఎంత దూరం నుంచో తెలియదు కదా, అలాగన్నమాట. దగ్గర్లో మెల్లగా పోయే ఓడ, దూరంగా వేగంగా పోయే ఓడ, రెండింటి దిక్కూ ఒకేలా మారుతూ ఉండొచ్చు. అందుకని కమాండర్ తన సబ్‌మెరైన్‌నే పక్కకు తిప్పి, కాసేపు ఇంకో దారిలో నడిపి, దిక్కు మారే తీరులో వచ్చిన తేడాని బట్టి దూరం అంచనా వేస్తాడు. పైగా సముద్రంలో శబ్దం తిన్నగా పోదు. దాని వేగం సెకనుకు సుమారు 1,500 మీటర్లు. వేడి, ఉప్పు, లోతు మారితే అదీ మారుతుంది, శబ్దం నెమ్మదిగా పోయే పొర వైపు వంగిపోతుంది. మన బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి లాంటి నదుల మంచినీళ్ళు వచ్చి పై పొరలో కలుస్తాయి కాబట్టి ఇక్కడ ఇంకా చిక్కు.

ఇలాంటి లెక్కలు టెన్షన్‌లో ఎవరు చేయగలరో తేల్చడానికి బ్రిటిష్ నేవీ 1917లో ఒక కోర్సు మొదలుపెట్టింది. దాన్ని అందరూ పెరిషర్ అంటారు. అందులో బాగా పేరుపడ్డ పరీక్షలో, పెరిస్కోప్ దగ్గరున్న అభ్యర్థి మీదికి యుద్ధనౌకలు నేరుగా దూసుకొస్తాయి. 30 నాట్ల వేగమంటే నిమిషానికి 900 మీటర్ల పైనే. ఒక్క క్షణం చూసి, పెరిస్కోప్ దించి, మళ్ళీ ఎన్ని సెకన్లకు చూడాలో, ఎప్పుడు లోతుకు దిగిపోతే ఓడ అడుగు తగలదో మనసులోనే కట్టాలి, అదీ ఒక్కో ఓడకూ విడివిడిగా. శిక్షకుణ్ణి అక్కడ 'టీచర్' అంటారు. ఫెయిలైతే పడవ ఎక్కించి పంపేస్తారు, మళ్ళీ సబ్‌మెరైన్‌లో ఉద్యోగం ఉండదు. నాకైతే ఇది న్యాయంగానే అనిపిస్తుంది, ఎందుకంటే ఆ లెక్క తప్పితే పోయేది అతనొక్కడే కాదు.

అయితే లెక్క వచ్చినంత మాత్రాన సరిపోదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సబ్‌మెరైన్ వాహూ కమాండర్ డడ్లీ మోర్టన్, దాడి సమయంలో పెరిస్కోప్‌ను తన కింది అధికారి రిచర్డ్ ఓకేన్‌కు అప్పజెప్పేవాడు. అప్పట్లో అది కమాండర్లు వదులుకునే పని కాదు. కళ్ళు ఒక ఓడ మీద పెట్టినవాడికి మిగతా పరిస్థితి కనబడదు, అందుకే తను వెనక నిలబడి మొత్తం చిత్రం మనసులో పెట్టుకునేవాడు. ఓకేన్ తర్వాత టాంగ్ అనే సబ్‌మెరైన్‌కు కమాండరై, ఆ యుద్ధంలో అమెరికా తరఫున అత్యంత విజయవంతమైనవారిలో ఒకడయ్యాడు.

ఇక 1962 అక్టోబర్ 27. క్యూబాలో సోవియట్ క్షిపణుల గొడవతో అమెరికా, సోవియట్ల మధ్య అణుయుద్ధం వస్తుందేమోనన్న రోజులవి. క్యూబా దగ్గర సోవియట్ సబ్‌మెరైన్ బీ-59ని అమెరికా నౌకలు చుట్టుముట్టి, పైకి రమ్మని సంకేతంగా చిన్న పేలుడు పదార్థాలు నీళ్ళలోకి వదులుతున్నాయి. కమాండర్ సావిట్స్కీ దగ్గర ఒక అణు టార్పెడో, అంటే నీళ్ళలో దూసుకెళ్ళి పేలే అణ్వాయుధం, ఉంది. మాస్కోతో సంబంధం లేదు, యుద్ధం మొదలైందో లేదో తెలియదు. లోపల వేడి 45 డిగ్రీలు దాటింది, బ్యాటరీలు అయిపోతున్నాయి, కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతోంది. ఆ వాయువు ఎక్కువైతే తలనొప్పి, ఆయాసం, చిరాకు వస్తాయి, ఆలోచన మందగిస్తుంది. అంటే నిర్ణయం తీసుకునే మెదడే దెబ్బతింటోంది. విశాఖ ఆర్కే బీచ్‌లో ఉన్న కుర్సురా ఇదే తరగతి సబ్‌మెరైన్. లోపలికి వెళ్ళి చూసినవాళ్ళు ఆ ఇరుకులో ఆ వేడిని ఊహించుకోవచ్చు.

అందులో ఉన్న అధికారి ఓర్లోవ్ తర్వాత చెప్పినదాని ప్రకారం, సావిట్స్కీ కోపంతో అణు టార్పెడో సిద్ధం చేయమన్నాడు. పక్కనే ఉన్న సీనియర్ అధికారి వాసిలీ అర్ఖిపోవ్‌తో, రాజకీయ అధికారితో మాట్లాడాక కోపం దిగమింగుకుని పైకి తేలాలని నిర్ణయించాడు. ఆ టార్పెడో వదలకుండా ఆపినవాడిగా అర్ఖిపోవ్‌ని ప్రపంచం తలచుకుంటుంది, తలచుకోవాల్సిందే. కానీ ఊపిరాడని ఆ గదిలో, ఆదేశం ఇచ్చేసిన తర్వాత కూడా పక్కవాడు చెప్పింది విని వెనక్కి తగ్గిన సావిట్స్కీని కూడా నేను మంచి కమాండర్ల జాబితాలోనే రాస్తాను.