ఆ ముసుగాయన ఎవరు? గండమ్‌కి కొత్తగా వచ్చినవాళ్ల పాత ప్రశ్న

గండమ్ అంటే 1979 నుంచి జపాన్‌లో వస్తున్న రోబో యుద్ధాల అనిమే, అంటే యానిమేషన్ కథల వరస. 2025 జనవరి 17న జపాన్ థియేటర్లలోకి దాని కొత్త కథ ‘మొబైల్ సూట్ గండమ్ జీక్వాక్స్’ తొలి భాగం సినిమాగా వచ్చింది. పేరు రాసే తీరు చూస్తేనే తల తిరుగుతుంది: జీ, క్యూ, ఆపైన వరసగా ఆరు యూలు, చివర ఎక్స్. పలకడం మాత్రం జీక్వాక్స్ అనే. ట్రైలర్లలో కనిపించింది మాచు అనే హైస్కూలు అమ్మాయి, రంగురంగుల అంతరిక్ష కాలనీ, చట్టానికి కనపడకుండా సాగే రోబో పందేలు. తీసింది ‘ఎవాంగెలియన్’ అనే పేరుమోసిన అనిమే వాళ్ల స్టూడియో ఖారా, దర్శకుడు కజుయా త్సురుమాకి. ఆ పేర్లు చూసి, గండమ్ గురించి ఏమీ తెలియని కుర్రకారు కూడా టికెట్లు కొనుక్కున్నారు.

తీరా తెర లేచాక ఆ అమ్మాయి లేదు. 1979 నాటి నేపథ్య సంగీతం, ఆనాటి వ్యాఖ్యానం, ఆనాటి గీతల పోలికలతో ముఖాలు. ముసుగు తొడుక్కున్న షార్ అజ్నాబుల్ అనే శత్రు సైన్యాధికారి సైడ్ 7 కాలనీలోకి చొరబడి, కొత్తగా తయారైన తెల్ల రోబోని ఎత్తుకుపోతాడు. సినిమాలో పెద్ద ముక్క ఇలాగే నడిచాక గానీ మాచు రాదు.

పాతకాపులకి ఒళ్లు గగుర్పొడిచే ఘట్టం అది. ఎందుకంటే 1979 సీరియల్ మొదటి భాగంలో ఆ రోబో ఎక్కింది షార్ కాదు, అమురో రే అనే పదిహేనేళ్ల కుర్రాడు. చేతిలో మాన్యువల్ పట్టుకుని, పేజీలు తిప్పుకుంటూ నడిపాడు. ఆ ఒక్క క్షణం తారుమారైతే యుద్ధంలో షార్ పక్షమైన జియాన్ గెలుస్తుంది, చరిత్రంతా అడ్డం తిరుగుతుంది. కొత్త కథ నిలబడింది ఆ ఊహ మీదే. మన దగ్గర దుర్యోధనుణ్ని నాయకుణ్ని చేసి సినిమా తీసినా జనం హాయిగా చూశారు. అసలు భారతం అందరికీ కంఠతా వచ్చు కాబట్టి, ఎక్కడ మలుపు తిప్పారో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. భారతం వినని వాణ్ని తీసుకెళ్లి ఆ సినిమాకి కూర్చోబెడితే ఎలా ఉంటుంది? ఆ హాళ్లలో కొత్తవాళ్ల పరిస్థితి అది.

టీవీకి వచ్చేసరికి వరస మార్చారు. ఏప్రిల్‌లో మొదలైన సీరియల్ మొదటి భాగం మాచుతోనే తెరుచుకుంది. షార్ దొంగతనం రెండో భాగానికి మారింది. ప్రైమ్ వీడియోలో అదే వరసలో ప్రపంచమంతా చూసింది. మా మేనకోడలు మొదటి భాగం చూసి ఎగిరి గంతేసింది. రెండో భాగం సగంలో ఆపి నాకు ఫోన్ చేసింది. “మామయ్యా, ఈ ముసుగాయన ఎవరు? నేను ఏదో ఎపిసోడ్ మిస్సయ్యానా?” మిస్సయింది ఒక ఎపిసోడ్ కాదు తల్లీ, నలభై అయిదేళ్లు అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. రెండు రోజులు దాని జోలికి పోలేదు.

ఈ తగవు జీక్వాక్స్‌తో పుట్టలేదు. గండమ్ వయసెంతో దీని వయసూ దాదాపు అంతే.

1979 ఏప్రిల్ 7న నగోయా టీవీలో మొదటి సీరియల్ మొదలైంది. దర్శకుడు యోషియుకి తొమినో. ఖర్చు పెట్టిన బొమ్మల కంపెనీ క్లోవర్ కి కావలసింది చిన్నపిల్లలు. తొమినో చెప్పింది మాత్రం సగం మానవజాతి చచ్చిపోయిన యుద్ధం కథ. ఎటువైపూ పూర్తి మంచివాళ్లు లేరు. రోబోలు దేవుడిచ్చిన వరాలు కావు, కర్మాగారంలో తయారై రంగంలో తుక్కయ్యే యంత్రాలు. టోక్యో ప్రాంతంలో రేటింగ్ అయిదు శాతం చుట్టూ తిరిగింది. కంపెనీ బొమ్మలు అమ్ముడుపోలేదు. 52 భాగాలు అనుకున్నది 43కి కుదించి, 1980 జనవరిలో దుకాణం కట్టేశారు.

అసలు కథ అక్కడి నుంచి మొదలైంది. పునఃప్రసారాలు పడ్డాయి. 1980 జూలైలో బాందాయ్ సంస్థ 1/144 కొలతలో, 300 యెన్‌లకి, జిగురుతో అతికించుకునే ప్లాస్టిక్ మోడల్ దింపింది. బడిపిల్లలు దుకాణాల ముందు బారులు తీరారు. నాయకుడి రోబోతో పాటు శత్రువుల ఆకుపచ్చ రోబో జాకు కూడా విరగబడి అమ్ముడైంది. 1982 జనవరిలో చిబా ప్రాంతంలోని ఒక దుకాణంలో వాటికోసం ఎగబడి, ఎస్కలేటర్ మీద పిల్లలు ఒకరి మీద ఒకరు పడి గాయపడ్డారు. ఈ మధ్యలో 1981 ఫిబ్రవరి 22న టోక్యోలోని షింజుకులో, సీరియల్‌ని కుదించి చేసిన సంకలన చిత్రం విడుదలకి ముందు, వేలాది కుర్రాళ్లు పోగయ్యారు. సీరియల్‌లోని షార్, లాలా అనే పాత్రల వేషాలు వేసుకున్న ఇద్దరు అభిమానులు వేదికెక్కి ‘అనిమే నవశకం’ మొదలైందని ప్రకటన చదివారు.

అంటే ఇవాళ కొత్తవాళ్లకి పాఠాలు చెప్పే పాతకాపుల్లో చాలామంది మొదటి ప్రసారం నాడు టీవీ ముందు లేరు. మోడల్ డబ్బా మీద బొమ్మ చూసి, పునఃప్రసారంలో ఏ మధ్య భాగమో పట్టుకుని, సినిమాతో మిగతాది పూరించుకున్నారు. ముసుగాయన ఎవరని వాళ్లూ ఎవరినో అడిగే ఉంటారు.

తరువాత ‘జీటా’ 1985లో, ‘డబుల్ జీటా’ 1986లో, అమురో షార్‌ల పగ తీర్చే సినిమా 1988లో వచ్చాయి. అన్నీ యూనివర్సల్ సెంచరీ అనే ఒకే కాలక్రమంలో ముడిపడ్డ కథలు. పదేళ్లు తిరక్కముందే ‘ఏది ముందు చూడాలి’ అన్న ప్రశ్న పుట్టేసింది. దానికి తయారీదారులు ఇచ్చిన జవాబు 1994 నాటి ‘జీ గండమ్’. పాత కాలక్రమాన్ని పక్కన పెట్టి, దేశానికో రోబో చొప్పున కుస్తీ పోటీ పెట్టారు. పాత అభిమానులు ఇది గండమే కాదు పొమ్మన్నారు. (అందులో భారతదేశం తరఫున దిగింది కోబ్రా గండమ్. పాములవాళ్ల దేశమన్న ముద్ర అంతరిక్షంలోకి వెళ్లినా వదల్లేదు!) చిత్రమేమిటంటే, ఆనాడు దుమ్మెత్తిపోసిన దాన్నే ఇప్పుడు ముద్దుగా తలుచుకుంటారు.

అమెరికాలో జరిగింది ఇంకా తమాషా. అక్కడి పిల్లలకి గండమ్ అంటే 2000 మార్చిలో కార్టూన్ నెట్‌వర్క్‌లో వచ్చిన ‘వింగ్’. అయిదుగురు అందగాళ్లు, అయిదు రోబోలు, వెనక కథ తెలియక్కర్లేదు. అది హిట్టయింది కదా అని మరుసటి ఏడాది 1979 అసలు సీరియల్ వేస్తే, పాత గీతలు చూసి పిల్లలు మొహం తిప్పుకున్నారు. సెప్టెంబర్ 11 దాడుల తరువాత మిగిలిన భాగాలు ఆపేశారు కూడా. మొదటిది మొదట చూడాలన్న సలహా ఎంత గొప్పదో అక్కడే తేలిపోయింది.

2002 నాటి ‘సీడ్’ మధ్యేమార్గం పట్టింది. 1979 కథ ఎముకలే తీసుకుని, కొత్త కాలానికి కొత్త చర్మం తొడిగింది. అమ్మాయిలు దానికి పెద్ద సంఖ్యలో వచ్చారు. ఆ తరం ఎంత గట్టిదో 2024లో తెలిసింది: సీడ్ కొనసాగింపు సినిమా 500 కోట్ల యెన్‌లు దాటి, గండమ్ సినిమాలన్నిటిలోకీ ఎక్కువ వసూలు చేసింది.

అయినా పైకొచ్చే పిల్లలు దూరమవుతూనే ఉన్నారు. ‘ది విచ్ ఫ్రమ్ మెర్క్యురీ’ నిర్మాత తకుయా ఒకమోతో చెప్పిన సంగతి ఒకటుంది. బడి తరఫున స్టూడియో చూడటానికి వచ్చిన పిల్లల్ని కదిలిస్తే, గండమ్ మాకోసం తీసేది కాదు, ఆ పేరుంటే చూడం అన్నారట. ఇంతకంటే నిక్కచ్చి విమర్శ ఏ విమర్శకుడూ రాయలేదు. అందుకే 2022 అక్టోబరులో వచ్చిన ఆ సీరియల్‌ని బడిలో పెట్టారు. టీవీ గండమ్‌లలో తొలిసారి అమ్మాయి ప్రధాన పాత్ర అయింది: సులెట్టా మెర్క్యురీ, నోరు తెరిస్తే నత్తి, రోబో ఎక్కితే పులి. మొదటి భాగంలోనే ఆమె ద్వంద్వయుద్ధం గెలిచి, తెలియకుండానే మియొరినే అనే అమ్మాయికి కాబోయే వరుడైపోతుంది. ఇద్దరం ఆడపిల్లలమే కదా అని నీళ్లు నమిలితే, మీ బుధగ్రహం వాళ్లు మరీ చాదస్తులు, ఇక్కడ ఇదంతా మామూలే అంటుంది మియొరినే.

కొత్తవాళ్లు విరగబడి వచ్చారు. రోబో బొమ్మ జోలికి ఎన్నడూ పోనివాళ్లు మోడల్ కొని బల్ల మీద పెట్టుకున్నారు. పదకొండు భాగాలు బడి గొడవలు, కంపెనీ రాజకీయాలు, తోటలో టొమాటోలు. 2023 జనవరి 8న మొదటి సీజన్ చివరి భాగం వేశారు. మియొరినే మీదికి తుపాకీ ఎత్తిన మనిషిని సులెట్టా తన రోబో అరచేత్తో, దోమని కొట్టినట్టు, ఒక్క దెబ్బ కొడుతుంది. తలుపు తీసుకుని కిందికి దిగుతుంటే నెత్తుట్లో కాలు జారి పడుతుంది. లేచి, నవ్వుతూ, ఎర్రబడ్డ చెయ్యి చాపుతుంది. మియొరినే నోట వచ్చేది ‘హంతకురాలు’ అన్న మాట. కొత్తవాళ్లకి అన్నం సహించలేదు. పాతకాపులు మాత్రం, ఇన్నాళ్లకి గండమ్‌లా ఉంది అన్నారు. ఒకే దృశ్యం, రెండు వరసలు. నా లెక్కలో ఆ రాత్రి గెలిచింది కొత్తవాళ్లే. పాతవాళ్లకి అది తెలిసిన రుచి. కొత్తవాళ్లకి మాత్రం నిజంగా ఏదో విరిగింది.

మెర్క్యురీ పాత కథల ఊసెత్తకుండా తలుపు తీసింది. రెండేళ్లకే వచ్చిన జీక్వాక్స్ తలుపు తీసి, లోపల గోడల నిండా పాత ఫొటోలు తగిలించింది. అందుకే దాని మీద మాటలు అన్ని రకాలుగా వచ్చాయి. కొందరికి మాచు, కాందిశీకురాలు న్యాన్, గోడల మీద రంగులు పూసే షూజీ చాలు. యుద్ధ చరిత్ర వస్తే పక్కింటివాళ్ల పెళ్లి ఆల్బమ్ చూస్తున్నట్టు ఓపిక పట్టారు. కొందరు పట్టుదలకి పోయి 1979కి వెళ్లారు. ఇంకొందరికి అవమానంగా అనిపించింది: ఈ సైగలు మాకు కాదు, మా వెనక వరసవాళ్లకి అని. ఆ మాటలో న్యాయం ఉంది. పదకొండో భాగం చివర, 1988 సినిమా పాట మోగుతుండగా పాత తెల్ల గండమ్ బయటికొస్తుంది. పాట తెలిసినవాడికి గుండె జారుతుంది. తెలియనివాడికి అది పాత మోడల్ రోబో ఒకటి, అంతే.

లాలా సూన్ సంగతీ అలాంటిదే. నుదుట బొట్టున్న చామనఛాయ పిల్ల, 1979లో షార్, అమురో ఇద్దరి మనసుల్లోనూ మానని గాయం. జీక్వాక్స్‌లో ఆమె భూమ్మీద ఒక వేశ్యాగృహంలో, ఇంకో లోకం కలలు కంటూ కనిపిస్తుంది. ఆ కలలేమిటో పాత కథ తెలిసినవాళ్లకే పూర్తిగా అందుతాయి. మేనకోడలు మాత్రం, “బొట్టు పెట్టుకుంది, మనమ్మాయా?” అని అడిగి ఆగింది. ఆ ప్రశ్న నాకు ఇన్నేళ్లలో రాలేదు.

ఒక్క పాత్ర దగ్గర మాత్రం రెండు వరసలూ సమానమయ్యాయి. పేరు షాలియా బుల్. జీక్వాక్స్‌లో షార్‌కి కుడిభుజం, గడ్డం, నెమ్మది మాట, కళ్లలో ఎప్పుడూ ఏదో లెక్క. కొత్తవాళ్లు ఆయన మీద మనసు పారేసుకున్నారు. ఇంత గొప్పవాడు పాతదాంట్లో ఏం చేశాడని అడిగితే పాతకాపులు తడబడ్డారు. సంకలన సినిమాల్లో ఆయన లేనే లేడు. సీరియల్‌లో చూడాలంటే 39వ భాగానికి పోవాలి.

మా పిల్ల పోయిన సెలవుల్లో మా ఇంటికొచ్చి, మిగతావన్నీ వదిలేసి, నా దగ్గరున్న డిస్కులో నేరుగా ఆ 39వ భాగం పెట్టుకుంది. షాలియా బుల్ గురుగ్రహం నుంచి వచ్చాడు, నాలుగు మాటలు మాట్లాడాడు, యంత్రం ఎక్కాడు, అమురో చేతిలో పోయాడు. ముగింపు పాట మొదలైంది. రిమోట్ చేతిలోనే ఉంది.

“ఇంతేనా మామయ్యా?”

“ఇంతే.”

“మరి అన్ని చెప్పావు?” అని, వెనక్కి నొక్కి, ఆయన వచ్చిన చోటు నుంచి మళ్లీ పెట్టుకుంది.