నొప్పి బిళ్లలు పడనివాళ్లకు మోకాలి ఆపరేషన్ అయితే

అమ్మకు మోకీలు మార్చిన మర్నాడు పొద్దున ఆ వార్డులో అందరికంటే హుషారుగా ఉన్నది అమ్మే. వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసి, "దీనికా నేను ఇన్నేళ్లు భయపడింది!" అంది. ఆ రాత్రే మంచం కమ్మీ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆపరేషన్‌లో ఏదో తేడా వచ్చిందేమోనని మా అందరికీ టెన్షన్. తేడా ఏమీ రాలేదు. తొడ లోపలివైపు నరం పక్కన ఇచ్చిన మత్తు ఇంజెక్షన్ పనిచేసినంతసేపూ మోకాలి కబురు మెదడుకు చేరలేదు, అంతే. ఆ మత్తు సాధారణంగా 12 నుంచి 24 గంటల్లో దిగిపోతుంది. దిగగానే అప్పటిదాకా ఆగిన నొప్పంతా ఒక్కసారిగా తెలుస్తుంది. రెండో రాత్రి ఇలా ఉండొచ్చని ఎవరైనా ముందే ఒక్క మాట చెప్పి ఉంటే సగం భయం తగ్గేది.

మామూలుగా అయితే ఆ మత్తు దిగేలోపే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి బిళ్ల ఒకటి వేసేస్తారు. అమ్మకు కిడ్నీలు అంతంతమాత్రం. ఆ బిళ్లలు పడవు.

ఎందుకు పడవో తెలియాలంటే నొప్పి ఎలా పుడుతుందో చూడాలి. ఈ ఆపరేషన్‌లో తొడ ఎముక కింది చివర, కాలి ఎముక పై చివర కోసి, వాటికి లోహపు భాగాలు అమర్చి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ పలక పెడతారు. కోతపడిన చోట కణాలు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను తయారుచేస్తాయి. అవి నరాల చివరలను సున్నితం చేసేస్తాయి. అప్పుడిక దుప్పటి తగిలినా, కాలు కాస్త జరిగినా ప్రాణం పోయినట్టుంటుంది. ఆస్పిరిన్ లాంటి మందులు ఈ రసాయనాల తయారీని ఆపడం వల్లే నొప్పి తగ్గిస్తాయని జాన్ వేన్ 1971లో చూపించాడు. 1982లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఆయనొకడు. చిక్కల్లా ఏమిటంటే, కిడ్నీలోకి రక్తం వెళ్లే సన్నటి నాళాలను తెరిచి ఉంచడానికీ, కడుపు లోపలి పొరను యాసిడ్ నుంచి కాపాడడానికీ ఒంటికి అవే ప్రోస్టాగ్లాండిన్లు కావాలి. మోకాట్లో ఆపి కిడ్నీలో ఆపకుండా ఉండడం ఆ బిళ్లకు చేతకాదు.

అందుకే "నాకు పెయిన్ కిల్లర్లు పడవు" అని ఒక్క ముక్కలో తేల్చేయకూడదు. ఏది, ఎందుకు పడదో విడివిడిగా తెలిసి ఉండాలి. కడుపులో పుండ్ల వల్ల వద్దన్నవాళ్లకు సెలికాక్సిబ్ లాంటిది కొంత మేలు కావచ్చు, ఎందుకంటే అది కడుపును తక్కువ ఇబ్బంది పెడుతుంది. కిడ్నీ విషయంలో మాత్రం దానికీ మిగతావాటికీ పెద్ద తేడా లేదు. మార్ఫిన్ విరిగాక మిగిలే పదార్థాలు కిడ్నీ ద్వారానే బయటికి పోవాలి. అవి పేరుకుంటే మగత, ఊపిరి మందగించడం. అదే కుటుంబంలోని ఫెంటానిల్, బ్యూప్రెనార్ఫిన్‌లతో ఆ ఇబ్బంది తక్కువ. ఫిట్స్ ఉన్నవాళ్లకు, డిప్రెషన్‌కు కొన్ని రకాల మందులు వాడేవాళ్లకు ట్రమడాల్ అనే నొప్పి మందు ప్రమాదం. ఒక తలుపు మూసుకున్నంత మాత్రాన పక్క తలుపు కూడా మూసుకున్నట్టు కాదు. కానీ ఏ తలుపు ఎందుకు మూసి ఉందో డాక్టరుకు చెప్పగలగాలి.

చెప్పాల్సిన సమయం ఆపరేషన్ అయ్యాక కాదు, ముందు. మత్తు డాక్టరును కలిసినప్పుడే మీకు పడని మందుల చిట్టా చేతిలో పెట్టండి. ఎందుకంటే మందులు తక్కువ ఉన్నవాళ్లకు అసలైన ఆసరా ఆపరేషన్ గదిలోనే దొరుకుతుంది. మోకాలి చుట్టూ కండలోకి సర్జన్ స్వయంగా మత్తుమందు ఎక్కించవచ్చు. తొడ మధ్యలో నరాన్ని మొద్దుబార్చే ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. పాత పద్ధతిలో గజ్జ దగ్గర ఇచ్చే ఇంజెక్షన్ తొడ కండరాన్ని కూడా బలహీనం చేసి, లేచి నిలబడితే కాలు మడతపడేలా చేసేది. తొడ మధ్యలో ఇస్తే ఆ కండరం బలం చాలావరకు నిలుస్తుంది. అవసరమైతే సన్నటి గొట్టం ఉంచి ఒకటి రెండు రోజులు మత్తు కొనసాగించే వీలు కూడా ఉంది. మీకు ఏది చేయబోతున్నారో అడగండి. అడగడం తప్పేమీ కాదు.

ఇక అందరూ చిన్నచూపు చూసే పారాసెటమాల్. "జ్వరం బిళ్ల దీనికేం పనిచేస్తుంది" అంటారు. నొప్పి తారాస్థాయికి చేరాక ఒకటి వేసుకుంటే నిజంగానే పనిచేయదు. డాక్టరు చెప్పిన మోతాదులో, గడియారం చూసుకుని, నొప్పి ఉన్నా లేకున్నా వేసుకుంటూ పోతే మిగతా అన్నిటికీ అదే పునాది అవుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు గరిష్ఠం. లివర్ జబ్బు ఉన్నా, బరువు బాగా తక్కువున్నా అంతకంటే తగ్గిస్తారు. జలుబు బిళ్లల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది కనక అవి కూడా లెక్కలోకి వస్తాయి.

నొప్పి మొత్తం కోత వల్లే అనుకుంటాం. మొదటి వారం గడిచాక చూస్తే అందులో వాపు వాటా చాలా ఎక్కువ. మోకీలు మూసి ఉన్న సంచి లాంటిది. లోపల నీరు, రక్తం చేరితే ఒత్తిడి పెరిగి సలుపు పుడుతుంది. అంతటితో ఆగదు. కీలులో నీరు చేరగానే వెన్నుపాము తొడ ముందు కండరానికి వెళ్లే ఆజ్ఞలను తగ్గించేస్తుంది. కాలెత్తమంటే ఎత్తలేకపోయేది బద్ధకం వల్ల కాదు. ఆ కండరం బలం మొదటి నెలలో సగానికి పడిపోవడం మామూలే. కండరం పనిచేయకపోతే భారం కీలు మీద పడుతుంది, మళ్లీ నొప్పి. ఈ గొలుసు తెగాలంటే ముందు వాపు తగ్గాలి.

కాలు గుండె కంటే ఎత్తులో ఉంచి పడుకోవడం, పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం, ఐస్ పెట్టడం. వినడానికి ఎంత చిన్నవో! చేసే తీరులోనే ఉందంతా. అమ్మకు హాయిగా ఉంటుందని నేను మోకాలి కింద మెత్తటి దిండు పెట్టాను. నిజంగానే హాయిగా ఉంది, నిద్రపట్టింది కూడా. పొద్దున ఫిజియోథెరపిస్ట్ వచ్చి దిండు లాగేసి, "అమ్మా, ఈ దిండు ఇప్పుడు మీకు సుఖం, తర్వాత శత్రువు" అంటూ మడమ కింద పెట్టింది. మోకాలు గాల్లో తేలుతూ మెల్లగా తిన్నగా అవుతోంది. అమ్మ నావైపు కోపంగా చూసింది. మోకాలు మడిచి ఉంచితే లోపల జాగా పెరిగి ఒత్తిడి తగ్గుతుంది, అందుకే ఆ హాయి. రోజుల తరబడి అలాగే ఉంచితే వెనకవైపు కణజాలం కుంచించుకుపోయి కాలు పూర్తిగా చాపలేరు. అప్పుడు ప్రతి అడుగుకూ నొప్పే.

ఐస్ విషయంలో ఒక జాగ్రత్త. కోత పెట్టేటప్పుడు చర్మానికి వెళ్లే చిన్న నరం తెగుతుంది కాబట్టి కుట్లకు బయటివైపు చర్మం మొద్దుబారి ఉంటుంది. అక్కడ ఐస్ కాల్చినా తెలియదు. గుడ్డ చుట్టి, 15–20 నిమిషాలకు మించకుండా పెట్టి, తీశాక చర్మం రంగు కంటితో చూడాలి.

కదలిక కూడా మందే. దెబ్బ తగిలిన చోట చేత్తో రుద్దుకుంటే ఎందుకు ఉపశమనమో 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ఒక సిద్ధాంతంగా వివరించారు. వెన్నుపాములో ఒక గేటు లాంటిది ఉందనీ, స్పర్శ కబుర్లు వచ్చినప్పుడు అది నొప్పి కబుర్లకు కొంత మూసుకుంటుందనీ వాళ్ల ఆలోచన. వివరాలు తర్వాత మారినా, మూలం నిలిచింది. కుట్లకు దూరంగా తొడను మెల్లగా నిమరడం వల్ల వచ్చే తేడా ఇలాంటిదే. వ్యాయామం పొద్దున ఒక్కసారే గంటసేపు చేసి సాయంత్రానికి వాపు తెచ్చుకోవడం కంటే, పది నిమిషాల చొప్పున నాలుగైదుసార్లు చేయడం మేలు. బిళ్ల వేసుకున్న అరగంటా ముప్పావుగంటకు మొదలుపెడితే ఆ ఒక్క బిళ్లకే రెట్టింపు విలువ.

నొప్పి సున్నాకు రావాలని పట్టుబడితే మగత మందులే పెరుగుతాయి. మగతలో తూలి కింద పడితే కొత్త కీలుకు అంతకంటే కీడు లేదు. మోకాలు వంచగలుగుతున్నారా, రాత్రి కాసేపైనా నిద్రపోతున్నారా అన్నదే నేనైతే చూస్తాను. నిద్ర చెడితే మర్నాడు అదే నొప్పి ఎక్కువగా తెలుస్తుంది కనక, రోజులోని బలమైన మందును రాత్రికి ఉంచవచ్చా అని డాక్టరును అడగడం మంచిది.

కొన్నిటికి ఓర్చుకోకూడదు. పిక్క గట్టిపడి నొప్పి పెట్టడం, ఆయాసం, ఛాతీ నొప్పి, జ్వరం, కుట్ల నుంచి చీము, తగ్గుతూ వచ్చిన నొప్పి హఠాత్తుగా పెరగడం. ఇవి ఐస్‌తో పోయేవి కావు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. తొడ మీద, పాదం దాకా దిగే నీలం మచ్చలు మాత్రం చాలామందిలో వచ్చేవే.

మూడు నెలల తర్వాత కూడా అమ్మ కొత్త మోకాలు ముట్టుకుంటే రెండోదాని కంటే వెచ్చగా ఉండేది. అది మామూలే, కొన్ని నెలలు పడుతుంది. అయితే సుమారు ఐదుగురిలో ఒకరికి నొప్పి నెలలు దాటినా పూర్తిగా వదలదు. మూడు నెలలకూ తగ్గే దారి కనబడకపోతే, ముఖ్యంగా మంటగా, కరెంటు కొట్టినట్టుగా ఉంటే, అది నరం నొప్పి కావచ్చు. దానికి వాడే మందులు వేరు. వాటిలో కొన్ని కిడ్నీ ద్వారానే పోతాయి కనక మోతాదు తగ్గించి ఇస్తారు. "వయసు కదా, ఓర్చుకో" అని ఇంట్లోవాళ్లు అన్నా సరే, సర్జన్ దగ్గరికి మళ్లీ వెళ్లి చూపించుకోండి.