సొనాటాలో కథ ఎక్కడుంటుంది? హార్మొనీ గురించి అపోహలు - వాస్తవాలు

పియానో పాఠాలు చెప్పే వృత్తిలో నేను తరచుగా ఎదుర్కొనే ప్రశ్న ఒకటుంది: సాహిత్యం లేని, పాత్రలు లేని సొనాటాలో (పియానో వంటి వాద్యం కోసం సాధారణంగా కొన్ని భాగాలుగా రాసే పాశ్చాత్య రచనలో) కథ ఉందని ఎలా అంటారు? కథ ఉందనే నా సమాధానం. అయితే అది బాణీలో కన్నా కార్డ్‌ల (ఒకేసారి మోగే స్వరాల గుంపుల) నడకలోనే, అంటే హార్మొనీలోనే ఎక్కువగా ఉంటుంది. ఏ స్వరం ఇల్లుగా నిలిచింది, ఆ ఇంటిని విడిచి ఎంత దూరం వెళ్లాం, తిరిగి రావడం ఎంత ఆలస్యమైంది అన్నవే ఆ కథలోని సంఘటనలు. ఈ విషయంలో నేను పదే పదే సరిదిద్దవలసి వచ్చే అపోహలను, ఎక్కువగా బీథోవెన్ ఎఫ్ మైనర్ సొనాటా (ఓపస్ 57, అంటే ఆయన రచనల వరుసలో 57వ సంఖ్య) ఆధారంగా వివరిస్తాను. ఎఫ్ మైనర్ అంటే ఎఫ్ షడ్జంగా ఉండి, సాధారణ గాంధారం పలికే స్కేల్.

అపోహ: మన సంగీతంలో హార్మొనీ లేదు కాబట్టి, కర్ణాటక సంగీతానికి అలవాటుపడిన చెవికి కార్డ్‌లు పుట్టించే బిగువు అందదు.

వాస్తవం: తంబుర శ్రుతిలో పెరిగిన చెవికి షడ్జం ఎక్కడుందో ఒకరు చెప్పనవసరం లేదు, సొనాటా వినడానికి మొదట కావలసినదీ ఆ స్పృహే. సి మేజర్ స్కేల్ మనకు శంకరాభరణం. ఆ స్కేల్‌లో జి, బి, డి, ఎఫ్ స్వరాలు కలిసి మోగే కార్డ్‌ను డామినెంట్ సెవెంత్ అంటారు. అందులోని బి అంటే కాకలి నిషాదం, ఎఫ్ అంటే శుద్ధ మధ్యమం. నిషాదం పై షడ్జానికి ఎక్కాలని, మధ్యమం అంతర గాంధారానికి దిగాలని ఒకేసారి ఒత్తిడి చేస్తాయి కనుకనే ఆ కార్డ్ దగ్గర పాట ఆగిపోతే మనసు నిలవదు. తేడా ఒక్కటే: మన కచేరీలో ఆధార షడ్జం మొదటి నుంచి చివరి వరకు కదలదు, సొనాటాలో షడ్జమే ఊరు మారుతుంది. సి మేజర్‌లో మొదలైన రచన ఎఫ్ స్థానంలో ఎఫ్-షార్ప్ (ప్రతి మధ్యమం) పలికినప్పుడు మనకు ముందుగా కల్యాణి ఛాయ వినిపించవచ్చు. కానీ స్వరకర్త జి స్వరాన్నే కొత్త షడ్జంగా నిలబెట్టగానే అదే స్వర సముదాయం జి మీద శంకరాభరణమవుతుంది. గ్రహభేదం (షడ్జాన్ని వేరే స్వరానికి జరిపి మరో రాగాన్ని పొందడం) తెలిసిన విద్యార్థులు ఈ మలుపును త్వరగా పట్టుకోవడం నేను చాలాసార్లు గమనించాను.

అపోహ: బిగువు అంటే బిగ్గరగా, వేగంగా, కటువుగా వాయించడం.

వాస్తవం: ఓపస్ 57 మొదటి పుటే దీనికి సమాధానం. రెండు చేతులూ రెండు అష్టకాల (ఆక్టేవ్‌ల) ఎడంతో ఎఫ్ మైనర్ కార్డ్ స్వరాలను అతి మెల్లగా (పియానిస్సిమో) పలుకుతాయి. ఆ పదబంధం డామినెంట్ (పంచమం మీద కట్టిన కార్డ్) మీద, అంటే ప్రశ్నలా ఆగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు రావలసిన చోట, అదే బాణీ అరస్వరం పైకి జరిగి జి-ఫ్లాట్ మేజర్‌లో వినిపిస్తుంది. శబ్దం పెరగలేదు, వేగం మారలేదు, పైగా వచ్చినది మేజర్ కార్డ్. అయినా గది ఒక్కసారిగా చల్లబడినట్లుంటుంది, ఎందుకంటే షడ్జాన్ని ఆనుకుని ఉన్న ఆ అరస్వరపు మెట్టు మీద ఇంకొక ఇల్లు కట్టడం వినేవారు ఊహించనిది. కాసేపటికి మంద్రంలో డి-ఫ్లాట్ మూడుసార్లు మోగి సి మీదికి దిగుతుంది. ఇది కూడా అరస్వరమే: ఎఫ్‌ను షడ్జంగా తీసుకుంటే శుద్ధ ధైవతం నుంచి పంచమానికి దిగడం. ఈ రెండు అరస్వరాలే ఆ రచనలోని ప్రతినాయకులని నేను భావిస్తాను. మొదటి భాగమంతా వాటి నీడలో నడుస్తుంది, ఆఖరికి ముగింపు కూడా గర్జనతో కాక వినీవినపడనంత మెల్లగా ఉంటుంది.

అపోహ: మేజర్ సంతోషం, మైనర్ దుఃఖం.

వాస్తవం: ఈ సూత్రం పిల్లలకు తొలి పాఠంగా పనికొస్తుందేమో కానీ, అక్కడే ఆగితే నష్టం చేస్తుంది. ఇదే సొనాటాలో ఎ-ఫ్లాట్ మేజర్‌లో వచ్చే రెండవ బాణీ ఎంతో మృదువుగా ఉంటుంది. అయితే దాని లయ మొదటి బాణీదే, పైగా అది నిండుగా ముగియకుండానే తెగిపోయి ఎ-ఫ్లాట్ మైనర్‌లోకి కూలిపోతుంది. ఆ మేజర్‌లో మనకు దొరికేది నిలబడని ఊరట, అందుకే అది మైనర్ కన్నా ఎక్కువ బాధిస్తుంది.

అపోహ: సొనాటా కథ దాని పేరులో ఉంటుంది.

వాస్తవం: ఓపస్ 57కు ‘అప్పాసియోనాటా’ అన్న పేరును బీథోవెన్ పెట్టలేదు. ఆయన 1827లో మరణించిన తర్వాత, 1838లో ఇద్దరు కలిసి వాయించే నాలుగు చేతుల ప్రతిని ముద్రించిన ప్రచురణకర్త పెట్టినది అది. బీథోవెనే స్వయంగా మాట రాసిన సొనాటాలో కూడా హార్మొనీ ఆ మాటను దాటి మాట్లాడుతుంది. ఓపస్ 81ఎ మొదటి మూడు స్వరాల మీద ‘వీడ్కోలు’ అనే అర్థమిచ్చే జర్మన్ పదాన్ని ఆయన అక్షరాలు విడదీసి రాశారు. మూడవ స్వరం కింద ఇ-ఫ్లాట్ మేజర్ వస్తుందని చెవి ఎదురుచూస్తుండగా సి మైనర్ వస్తుంది. వీడ్కోలు బరువు ఆ ఒక్క కార్డ్‌లో ఉంది.

అపోహ: రికాపిట్యులేషన్ (సొనాటాలో మొదటి బాణీలు తిరిగి వచ్చే ఘట్టం) అంటే మొదట విన్నదే మళ్లీ వినడం.

వాస్తవం: పరీక్షల కోసం సొనాటా నిర్మాణాన్ని బట్టీ పట్టినవారిలో ఈ అపోహ బలంగా ఉంటుంది. మొజార్ట్ 1788లో రాసిన సి మేజర్ సొనాటా (కె. 545), మొదటి మెట్టు విద్యార్థులందరూ వాయించేది, తిరిగి వచ్చేటప్పుడు సి మేజర్‌కు కాక ఎఫ్ మేజర్‌కు వస్తుంది: బాణీ ఇంటికి చేరింది, కీ (ఆధార షడ్జం) ఇంకా చేరలేదు. ఓపస్ 57లో దీనికన్నా లోతైన పని జరుగుతుంది. మొదటి బాణీ తన సొంత ఎఫ్ మైనర్‌లోనే తిరిగి వచ్చినా, దాని కింద ఎడమచేయి సి స్వరాన్ని, అంటే పంచమాన్ని, ఆగకుండా కొడుతూనే ఉంటుంది. పై అంతస్తు ఇంటికి చేరినా పునాది ఇంకా దారిలోనే ఉంది.

ఈ చోట చాలామంది ఎడమచేతిని నేపథ్యంగా భావించి దాదాపు వినపడకుండా వాయిస్తారు. అది పొరపాటని నా దృఢమైన అభిప్రాయం. నా విద్యార్థులను ఇక్కడ కుడిచేయి పూర్తిగా ఎత్తేసి, ఆ సి స్వరాలను మాత్రమే వాయిస్తూ బాణీని నోటితో పాడమంటాను. మొదట వారి గొంతు సి వైపు జారిపోతుంది. రెండు మూడు రోజుల సాధన తర్వాత గొంతు ఎఫ్ మీద నిలబడి, వేలు సి మీద కొడుతున్నప్పుడు, ఆ రెండింటి మధ్య ఉన్న లాగుడు వారికి ఒంట్లోనే తెలుస్తుంది. ఆ తర్వాతే కుడిచేతిని మళ్లీ కలపమంటాను.