విక్కా పూజలో మన అమ్మవారు

విశాఖపట్నం

చిరంజీవులైన పిల్లలకు,

అమ్మమ్మ ఆశీస్సులు. విక్కా అనే పాశ్చాత్య మంత్రవిద్యా మతం పాటించేవాళ్లు మన కాళికనీ, లక్ష్మినీ పూజించొచ్చా అని అడిగారు కదా. నిక్షేపంగా పూజించొచ్చు. అయితే అమ్మవారి పేరు మాత్రం తీసుకుని, ఆవిడ తిథులూ నైవేద్యాలూ వదిలేస్తే నా మనసుకి కష్టంగా ఉంటుంది.

పాత దేవతల్ని కొలిచినా విక్కా కొత్త మతమే. ఇంగ్లండులో మంత్రవిద్య మీదున్న చట్టాన్ని 1951లో రద్దు చేశాక, విక్కాని ప్రచారంలోకి తెచ్చిన జెరాల్డ్ గార్డ్‌నర్ ఆ మతం గురించి బాహాటంగా రాశాడు. ఏ ఒక్క శాఖకీ కట్టుబడకుండా, ఎవరికి నచ్చిన దేవతల్ని వాళ్లు కలుపుకుని చేసుకుంటే అది ఎక్లెక్టిక్ విక్కా. వలయం గీసి, నాలుగు దిక్కుల్నీ పిలిచి, దేవతని ఆహ్వానిస్తారు. పూజయ్యాక దండం పెట్టి సాగనంపుతారు. వినాయక చవితినాడు మనం చేసే ఆవాహన, ఉద్వాసన లాంటివే ఇవీ. అందుకే ఆ పద్ధతి నాకు పరాయిగా అనిపించదు.

పేచీ వేరేచోట ఉంది. దేవతలందరూ ఒకే తల్లి రూపాలని చాలామంది విక్కన్లు అంటారు. మన పెద్దలూ ఆ మాట అన్నారు. అయినా పూజ దగ్గరికొచ్చేసరికి ఎవరి మర్యాద వాళ్లదే. సింహాచలం అప్పన్న నిజరూపం వైశాఖ శుద్ధ తదియనాడే చూస్తాం, తక్కిన రోజుల్లో స్వామి చందనంలోనే ఉంటాడు. మనకి వీలు కాలేదని ఆ రోజుని ఇంకో రోజుకి మార్చుకోం కదా! అలాగే కాళీపూజకి దీపావళి అమావాస్య ఉంది. అక్టోబరు 31న విక్కన్లు చేసుకునే సామ్‌హెయిన్ పండక్కి, చావుకి సంబంధించిన చీకటి దేవత అంటూ ఆవిడని పిలిచేవాళ్లున్నారు. దక్షిణేశ్వరంలో రామకృష్ణ పరమహంస అదే కాళికని పసిపిల్లాడిలా అమ్మా అని పిలిచాడు. ఆ అమ్మతనం తెలియకుండా ఉగ్రరూపం ఒక్కటే పట్టుకోవడం నాకు నచ్చదు. నైవేద్యమూ అంతే. విక్కాలో వైన్, కేకులు పెడతారు. కాళికకి కొన్నిచోట్ల మద్యం నివేదిస్తారు గానీ మహాలక్ష్మి ముందు ఆ గ్లాసు పెట్టకండి. పాయసం చేసి పెట్టండి, చాలు.

ఇలా అంటున్నానని భయపడి దూరం జరగకండి. మన బురుజుపేట కనకమహాలక్ష్మినే చూడండి. ఆవిడ గర్భగుడికి పైకప్పు లేదు, ఎండావానల్లోనే ఉంటుంది. పూజారి చేతికి ఇవ్వక్కర్లేదు, పసుపునీళ్లు మన చేత్తో మనమే పోస్తాం. కుంకుమ వేసి పాదాలు ముట్టుకుంటే వేళ్లన్నీ ఎర్రబడతాయి, ఇంటికొచ్చి కడుక్కున్నా గోళ్ల సందుల్లో ఆ ఎరుపు పోదు. అంత దగ్గరికి రానిస్తుందావిడ.

ఇంట్లో వలయం గీసి లక్ష్మిని పిలిచే ముందు, మార్గశిర మాసంలో ఒక లక్ష్మివారం అక్కడికి వెళ్లండి. క్యూ చాలా పొడుగుంటుంది, టెన్షన్ పడకండి. పక్కన నిలబడ్డ ఆడవాళ్లని ఏం మొక్కుకున్నారో, ఏం తెచ్చారో అడగండి. నేను చెప్పినదానికంటే ఎక్కువ వాళ్లే చెబుతారు.

ఇట్లు,
మీ అమ్మమ్మ