కాలనీ పార్కు గజం గజం ఎలా పోతుంది: ఒక సర్వేయర్ చూసిన అపోహలు, వాస్తవాలు

హన్మకొండ, కాజీపేట చుట్టుపక్కల ఇరవై ఏళ్లుగా ప్లాట్లు కొలుస్తున్నాను. పార్కు స్థలం గొడవలో ఉందని పిలిచిన కాలనీవాళ్లు ముందు తాము పెంచిన మొక్కలు చూపిస్తారు. నేను లేఅవుట్ కాగితం అడుగుతాను. పది కాలనీల్లో ఎనిమిదింటి దగ్గర అది ఉండదు.

అపోహ: బోర్డు పెట్టారు, కంచె వేశారు, ఇక పార్కు మునిసిపాలిటీదే.

వాస్తవం: బోర్డు హక్కు పత్రం కాదు. లేఅవుట్ వేసినవారు రోడ్లను, పార్కు స్థలాన్ని రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్‌తో మునిసిపాలిటీకి ఉచితంగా రాసివ్వాలి. పాత లేఅవుట్లలో చాలాచోట్ల ఈ పని జరగలేదు. కాగితాల్లో పాత పట్టాదారు పేరే ఉండిపోతుంది. ఆయన పోయాక వారసులు ఆ చోటును అమ్మేస్తారు. కొన్నవాళ్లు ప్రహరీకి పునాది తవ్విన రోజు కాలనీ మేలుకుంటుంది. అంతదాకా ఆగకండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ సర్వే నంబర్ మీద ఈసీ (ఆ స్థలంపై రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీయించండి. ఆమోదించిన ప్లాన్, గిఫ్ట్ డీడ్ నకళ్ల కోసం మునిసిపల్ కార్పొరేషన్‌కు, 'కుడా'కు (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు.

అపోహ: పార్కులను మింగేది పెద్ద కబ్జాదారులే.

వాస్తవం: ఒక కాలనీలో ప్లాన్ ప్రకారం పార్కు 1,200 గజాలు. టేపు పట్టి కొలిస్తే 1,040 వచ్చింది. పక్కింటి ప్రహరీ కొంత, కారు షెడ్డు కొంత, మూలన ఒక డబ్బా కొంత తినేశాయి. హద్దురాళ్లు ఎప్పుడో పోయాయి. "నా గోడ అంత లోపలికొచ్చిందా సారూ" అని ఆ ఇంటి పెద్దాయనే బాధపడ్డాడు. నెల తిరక్కుండా తన ఖర్చుతోనే గోడ వెనక్కి జరుపుకున్నాడు. ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

అపోహ: గుడో, కమ్యూనిటీ హాలో కడితే ఆ స్థలం జోలికి ఎవరూ రారు.

వాస్తవం: ఈ మాట మంచివాళ్ల నోటే వింటాను, అందుకే ఎక్కువ దిగులు. పార్కులో కట్టిన ప్రతి గదీ పార్కును తగ్గిస్తుంది. రేపు ఇంకొకరు షెడ్డు వేస్తే "మీరు కట్టలేదా?" అంటారు. అప్పుడు మన దగ్గర జవాబు ఉండదు.

అపోహ: మామూలు కాలనీవాళ్లకు కోర్టులో అడిగే హక్కు లేదు.

వాస్తవం: ఉంది. బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇస్తే అక్కడి నివాసులే కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తేల్చింది, నివాసులకు అడిగే అర్హత ఉందని చెప్పింది.

అపోహ: ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే పథకం) ఫీజు కట్టాం కదా, పార్కు వస్తుంది.

వాస్తవం: ఖాళీ స్థలం వదలని లేఅవుట్లలో ప్లాటు విలువలో 14 శాతం వసూలు చేసేది ఆ లోటు కిందే. అది డబ్బు మాత్రమే, దానితో మీ వీధిలోకి నేల రాదు. కాబట్టి పార్కు ఉన్న కాలనీ దాన్ని ప్రాణంలా చూసుకోవాలి.

మొక్కల సంగతి తోటమాలులకే వదిలేస్తాను. ఒక్కటి మాత్రం: నేలంతా టైల్స్ పరచకండి, వాన ఇంకే చోటు ఉండాలి. 2020 ఆగస్టులో మన కాలనీలు మునిగింది చూశాం.

ఈ ఆదివారం పొద్దున ప్లాన్ నకలు, టేపు పట్టుకుని పదిమంది పార్కు చుట్టూ తిరగండి. హద్దురాయి లేని మూల కనిపిస్తే ఫొటో తీసి సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి.